సంత నేల ఎవరిది?

పట్టణాల్లో వారపు సంతలు కనుమరుగవుతున్నాయని పత్రికల్లో అప్పుడప్పుడూ కథనాలు వస్తుంటాయి. చాలావాటి వరస ఒకటే. గంపలు, జీళ్ళు, మరమరాలు, బేరమాడే అమ్మలక్కలు, చిన్నప్పుడు నాన్న చేయి పట్టుకుని తిరిగిన సంగతులు. ఆ తర్వాత సూపర్ మార్కెట్లు వచ్చాయి, జనం మారారు, కాలాన్ని ఎవరు ఆపగలరు అని ఒక నిట్టూర్పు. ఆ నిట్టూర్పులో మాకు వాటా లేదు. సంతను గుర్తు చేసుకునేవాళ్ళు వేరు, సంత మీద బతికేవాళ్ళు వేరు. మేం మాట్లాడుతున్నది రెండోవాళ్ళ గురించి.

చెప్పదలచుకున్నది ముందే చెప్తాం. మన పట్టణాల్లో సంత కొనేవాళ్ళు లేక పోవడం లేదు. దాని కింద నేల లేకుండా చేస్తున్నారు కాబట్టి పోతోంది. ఆ స్థానంలో వస్తున్న ప్రతి కొత్త మార్కెట్టూ గేటు దగ్గర ఏదో ఒక కాగితం అడుగుతోంది. ఒకచోట పట్టాదారు పాసుపుస్తకం, ఇంకోచోట డిపాజిట్ రశీదు, మరోచోట లైసెన్సు. తరతరాలుగా మన చేతికి రానివ్వనిది ఆ కాగితమే. అందుకే సంత పోవడాన్ని అభివృద్ధి లెక్కలో కాకుండా భూమి లెక్కలో, కులం లెక్కలో చూడాలంటున్నాం.

కొనేవాళ్ళు లేరన్న మాట ఎంత అబద్ధమో తెలుసుకోవడానికి పెద్ద సర్వేలు అక్కర్లేదు. వనపర్తి జిల్లా పెబ్బేరు సంత రోజున హైవే మీద ఎన్ని ట్రాలీ ఆటోలు ఆగుతాయో చూస్తే చాలు. విజయనగరం జిల్లాలో అలమండ, మానాపురం సంతల పేర్లు ఉత్తరాంధ్ర రైతుకూలీలకు ఇప్పటికీ కొత్త కాదు. హైదరాబాద్ శివార్లలో ఒక్కో కాలనీలో వారానికో సాయంత్రం రోడ్డు పొడుగునా సంత పరుచుకుంటోంది, డీమార్ట్‌కి బండి వేసుకుని పోయే ఇంటివాళ్ళే ఆకుకూరల కోసం అక్కడా నిలబడుతున్నారు. గిరాకీ ఉంది. కూర్చునే చోటే లేదు.

ఆరు రోజులు ఖాళీ

మన ఊళ్ళ పేర్లు చూడండి. కర్నూలులో బుధవారపేట ఉంది. నిర్మల్‌లో సోమవార్‌పేట, బుధవార్‌పేట ఉన్నాయి. ఏలూరును ఆనుకుని శనివారపుపేట ఉంది. హైదరాబాద్‌లో గురువారం పేరు మీద జుమ్మేరాత్ బజార్ ఉంది. వారం పేరే ఊరి పేరైన చోట్లివి. పట్టణం వచ్చాక సంత రాలేదు. చాలాచోట్ల సంత కూడిన చోటు చుట్టూ పట్టణం పెరిగింది. అలా పెరిగింది కాబట్టే సంత మైదానం ఇప్పుడు ఊరి నడిబొడ్డున, అన్నిటికన్నా ఖరీదైన చోట పడింది.

2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆ తర్వాత 33. 2018లో పదుల కొద్దీ పంచాయతీలు ఒక్కసారిగా పురపాలికలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నిన్నటిదాకా మండల కేంద్రంగా ఉన్న ఊరికి ఆఫీసులు కావాలి, వెడల్పాటి రోడ్డు కావాలి, సెంట్రల్ లైటింగ్ కావాలి, పార్కు కావాలి. కోర్టు గొడవలు లేని, పరిహారం ఇవ్వక్కర్లేని ప్రభుత్వ నేల ఎక్కడుందని అధికారులు వెతుకుతారు. అప్పుడు కనపడేది సంత మైదానం. వారంలో ఆరు రోజులు ఖాళీగా ఉంటుంది కాబట్టి దస్తావేజుల్లో అది ఖాళీ స్థలమే. ఏడో రోజు అక్కడ కూర్చునే మనుషులకు ఆ నేల మీద ఏ పత్రమూ ఉండదు. అడ్డుపడే పట్టాదారు ఉండడు. ఆక్రమణ అన్నది మాకెప్పుడూ ఎదురయ్యే మాట. ఇక్కడ ఆక్రమించేది ఎవరో పాఠకులే తేల్చుకోవచ్చు.

ఇది ఒక్కరోజులో జరగదు. ఉమ్మడి పాలమూరులోని ఒక పట్టణంలో మేం కొన్నేళ్ళుగా చూస్తున్నదాన్ని బట్టి చెప్తున్నాం. మొదట మైదానంలో ఒక మూలన వాటర్ ట్యాంకు లేస్తుంది. ఎవరూ కాదనరు, నీళ్ళు అందరికీ కావాలి. తర్వాత ఇంకో మూలకు ప్రహరీ. ఆ తర్వాత ముందువైపు, రోడ్డుకు ఆనుకుని, మడిగెలు కట్టి వేలం వేస్తారు. మడిగె దక్కించుకున్నవాళ్ళ పేర్లు చదివితే ఊళ్ళో ఏ కులాల చేతిలో డబ్బుందో తెలిసిపోతుంది. ఇక సంత జరుక్కుంటూ జరుక్కుంటూ రోడ్డు మీదికి వస్తుంది. రోడ్డు మీదికి రాగానే దాని పేరు మారిపోతుంది. అప్పటిదాకా సంత. ఇప్పుడు ట్రాఫిక్‌కు అంతరాయం. అప్పటిదాకా తైబజారు కట్టే వ్యాపారి. ఇప్పుడు లాఠీ చూసి గంప ఎత్తుకుని పరిగెత్తే మనిషి. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ పెట్టినప్పుడు సంతలన్నీ ఆపేశారు, అది అర్థమయ్యేదే. కిరాణా కొట్లు తెరిచాక కూడా సంతలు చాలాకాలం తెరుచుకోలేదు. మేం చెప్తున్న పట్టణంలోనైతే, తెరిచేనాటికి మిగిలిన మైదానంలో సగానికి ఇనుప కంచె పడి ఉంది.

సంతలో కులం

సంతలో కులం లేదని మేం అనడం లేదు. ఎవరైనా అంటే నమ్మకండి. ప్రతి సంతకూ కంటికి కనపడని గీతలుంటాయి. బస్సు దిగగానే కనపడే చోట, చెట్టు నీడన, బట్టలూ గిల్టు నగలూ. మధ్యలో కూరగాయలు. అంచుకు పోయేకొద్దీ కుండలు, ఎరుకలవాళ్ళ బుట్టలు, చీపుర్లు, తాళ్ళు. ఇంకా అవతల ఎండుచేపలు, చెప్పులు. చిట్టచివర, మురికి కాలువ పక్కన, మాంసం. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఏ రిజిస్టర్లోనూ రాసి ఉండదు. కానీ ఎండుచేపల గంపను ఎవరైనా తెచ్చి బట్టల దుకాణం పక్కన దించి చూడమనండి. వండిన తిండి సంగతి మరీను. మేం తిరిగిన సంతల్లో మిర్చి బజ్జీల బండి దగ్గర ఇది మాదిగవాళ్ళదనీ మాలవాళ్ళదనీ తెలిసేలా నడిపినవాళ్ళు మాకు కనపడలేదు. పేరు మార్చుకుని, ఊరు దాచుకుని నడుపుతున్నవాళ్ళు కనపడ్డారు. పచ్చి వంకాయకు అంటని మైల ఉడికిన బజ్జీకి ఎలా అంటుతుందో ఏ ఆహార భద్రతా శాస్త్రమూ చెప్పలేదు.

సంత మీద పెత్తనం కూడా అలాంటిదే. సంత రుసుము వసూలు చేసే హక్కును ఏటా వేలం వేస్తారు. తెలంగాణలో తైబజారంటారు, కోస్తాలో ఆశీలంటారు. పాట పాడేది డబ్బున్నవాడు, వసూలుకు తిరిగేది వాడి మనుషులు. బోర్డు మీద రాసిన రేటొకటి, చేతిలో పడాల్సిన రేటొకటి. రశీదు అడిగితే పక్కవాళ్ళు నవ్వుతారు. అమ్మకం కాలేదు తమ్మీ అని చెప్పుకునే ముసలమ్మ గంపలోంచి చేతికందినన్ని టమాటలు తీసుకుపోవడం కూడా వసూలు కిందే లెక్క. ఇంత వసూలైనా ఆడవాళ్ళకు ఒక మరుగుదొడ్డి ఉండదు. పొద్దున నాలుగింటికి ఇంట్లో బయల్దేరిన మనిషి చీకటి పడేదాకా మంచినీళ్ళు తాగకుండా కూర్చోవడం సంతలో మామూలు సంగతి. ఈ సంతను ఉన్నది ఉన్నట్టుగా కాపాడమని మేం అడగడం లేదు.

అయినా ఈ సంతే మన ఆడవాళ్ళకు ఇచ్చినదొకటుంది. అది చిన్నది కాదు. ఇక్కడ కొట్టు పెట్టాలంటే కావలసింది పరుచుకోవడానికి ఒక పట్టా, ఒక రోజు సరుకు. కార్తీకంలో గుట్ట మీద సీతాఫలాలు ఏరుకొచ్చి అమ్మొచ్చు. ఎండల్లో చింతచిగురు దూసుకొచ్చి అమ్మొచ్చు. సరుకు లేని వారం రాకపోవచ్చు, ఎవరూ స్టాలు రద్దు చేయరు. తక్కెడ లేకపోతే కుప్పలు పోసి అమ్మొచ్చు. సిఫారసు చేసే పెద్దమనిషి అక్కర్లేదు. వేరే ఊరి సంతలో అడ్రసు అడిగేవాళ్ళుండరు. భూస్వామి పొలంలో వంగి పనిచేసే మనిషి వారంలో ఒకరోజు తన సరుకుకు తనే ధర చెప్పే చోటు అది. ఆ ఒక్కరోజు కోసం పొద్దున తొమ్మిది వందలు తీసుకుని సాయంత్రానికి వెయ్యి కట్టే రోజు వడ్డీని కూడా భరిస్తారు. ఎందుకు భరిస్తారో కూలి చేసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

కొనేవైపు నుంచీ చూడాలి. వారపు కూలి చేతికొచ్చేది చాలాచోట్ల సంత రోజే. పొద్దుగూకే వేళకు ధర పడిపోతుంది, మిగిలిన సరుకు మోసుకుపోలేక సగానికి సగం ఇచ్చేస్తారు. పేదింటి కూరాకు చాలాకాలంగా ఆ చీకటి బేరం మీదే నడిచింది. సూపర్ మార్కెట్లో సాయంత్రం ఆరింటికి ధర తగ్గదు. వాడిపోయిన సరుకు వెనక గేటు నుంచి పారబోస్తారు. ఫోన్లో పది నిమిషాల్లో తెచ్చిచ్చే కంపెనీలకు మన వాడల్లో డోర్ నంబర్లే దొరకవు.

ఇంకో సంగతి అర్థశాస్త్ర పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. 1928లో అప్పటి బొంబాయి ప్రభుత్వం అణగారిన వర్గాల, ఆదివాసుల పరిస్థితి మీద ఒక కమిటీ వేసింది. డాక్టర్ అంబేద్కర్ అందులో సభ్యుడు. 1930లో ఇచ్చిన ఆ నివేదిక సాంఘిక బహిష్కారం ఎలా పనిచేస్తుందో వివరించింది. కూలి ఆపేయడం, దారులు మూసేయడం, వాటితోపాటు ఊరి కోమటి నిత్యావసరాలు అమ్మడం మానేయడం. ఊరంతా ఒక్కటైతే ఉప్పుకల్లు కూడా దొరకదు. ఊరి పెత్తందారు మాట చెల్లనిది సంతలో. అక్కడ ఉప్పమ్మేవాడు వేరే ఊరినుంచి వచ్చినవాడు, సాయంత్రానికి వేరే ఊరికి పోయేవాడు. ఈ ఊరి కట్టుబాటు వాడికి తెలియదు, తెలిసినా అక్కర్లేదు. 1985 జూలై 17 కారంచేడు దాడి తర్వాత బాధితులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చేరింది పట్టణానికే, చీరాలకు. దళితులకు పట్టణమంటే సినిమా హాలూ కాలేజీ మాత్రమే కాదు. ఊరి మీద ఆధారపడకుండా కొనుక్కోగల, అమ్ముకోగల చోటు. వెలివేతను, ఆర్థిక బహిష్కారాన్ని 2016 నుంచి అట్రాసిటీ చట్టం పేరు పెట్టి మరీ నేరమంటోంది. ఆ నేరం జరిగిన ఊళ్ళకు దగ్గర్లో సంత నడుస్తోందా లేదా అని మాత్రం ఏ విచారణాధికారీ అడగడు.

కాగితం అడిగే మార్కెట్లు

సంతకు ప్రత్యామ్నాయమని మన పాలకులు తెచ్చిన మొదటి పెద్ద ఏర్పాటు రైతుబజారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలైంది. దళారీ లేకుండా రైతే వినియోగదారుడికి అమ్ముకోవాలన్నది ఆశయం. మంచిదే. చిన్న రైతులకు మేలు జరిగింది, దాన్ని కాదనడం లేదు. కానీ అందులో కూర్చోవాలంటే రైతు గుర్తింపు కార్డు కావాలి. కార్డు కావాలంటే ఏ సర్వే నంబరులో ఏం పండిస్తున్నావో అధికారులు రాసివ్వాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల విస్తీర్ణంలో వాళ్ళ చేతిలో ఉన్నది 9 శాతం కన్నా తక్కువ. కౌలు కాగితం లేని కౌలుదారు, గుట్ట మీద ఏరుకొచ్చే ఆడమనిషి, హోల్‌సేల్లో ఒక బస్తా కొని చిల్లరగా అమ్ముకునే మనిషి ఈ లెక్కలో రైతులు కారు. వాళ్ళకు పెట్టిన పేరు దళారీ. ఎకరాల కొద్దీ పంట చేతులు మార్చే కమీషన్ ఏజెంటుకూ, బస్తా ఉల్లిగడ్డ అమ్మే ఆడమనిషికీ ఒకే పేరు! పొలం లేనివాళ్ళకు రైతుబజారులో దక్కిన చోటు ఎక్కువగా దాని ప్రహరీ గోడ బయటే. మహిళా సంఘాలకు కొన్ని స్టాళ్ళు ఇచ్చినచోట్లు ఉన్నాయి, అక్కడా సంఘంలో ఎవరి మాట చెల్లుతుందో చూడాలి.

రెండోది తెలంగాణలో వచ్చిన ఇంటిగ్రేటెడ్ వెజ్, నాన్ వెజ్ మార్కెట్లు. గజ్వేల్ లాంటి చోట కట్టినదాన్ని నమూనాగా చూపి, ప్రతి పురపాలికలోనూ ఒకటి కట్టాలని గత ప్రభుత్వం నిర్ణయించింది. టైల్స్, షెడ్లు, పార్కింగు. ఇప్పుడు జిల్లాలు తిరిగితే నడుస్తున్నవాటితో పాటు సగంలో ఆగినవీ, కట్టి తాళం వేసినవీ కనపడతాయి. నడవకపోవడానికి ఇంజనీర్లు చెప్పే కారణాలు మాకు పెద్దగా ఆసక్తి కలిగించలేదు. లోపల ఎవరికి చోటుందన్నదే మా ప్రశ్న. స్టాలంటే డిపాజిట్, నెల అద్దె. వారానికి ఒకటి రెండు రోజులు వచ్చే మనిషి నెల అద్దె ఎలా కడుతుంది? మేం చూసినచోట్ల కూరగాయలు, పళ్ళు, పూలు, చికెన్, మటన్, చేపలకు స్టాళ్ళున్నాయి. పెద్దకూర ఊసు లేదు. ఎండుచేపల గంపకు, చెప్పుల పట్టాకు, చీపురుకట్టకు కూడా నమూనాలో గడి లేదు. పాత సంత వీళ్ళను అంచుకు నెట్టింది. కొత్త మార్కెట్టు పటంలోంచే తీసేసింది.

పశువుల సంత కథ ఇంకా ఘోరం, అది కత్తులదాకా పోయింది. ముసలి ఎద్దునో ఒట్టిపోయిన బర్రెనో సంతలో అమ్మేసి ఆ డబ్బుతో ఇంకోటి కొనడం సన్నకారు రైతు లెక్క. ఆ పశువు మాంసం పేదల పళ్ళెంలోకి, తోలు మాదిగల చేతికి. అదంతా ఒకే గొలుసు. 2017 మే నెలలో కేంద్ర పర్యావరణ శాఖ పశువుల మార్కెట్లకు కొత్త నిబంధనలు తెచ్చింది. కోతకు పశువుల్ని సంతలో అమ్మకూడదంది. అంతేకాదు, కొనేవాడు వ్యవసాయదారుడేనని రెవెన్యూ పత్రం చూసి నిర్ధారించుకోవాలంది. మళ్ళీ అదే కాగితం. మద్రాసు హైకోర్టు స్టే ఇచ్చింది, ఆ జూలైలో సుప్రీంకోర్టు ఆ స్టేను దేశమంతటికీ వర్తింపజేసింది. నిబంధనలు కాగితం మీద ఆగాయి గానీ రోడ్డు మీద భయం ఆగలేదు. దానికి ముందే, 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు చర్మం ఒలుస్తున్న దళితుల్ని కట్టేసి కొట్టారు. నెల తిరక్కుండానే, ఆగస్టులో, మన అమలాపురంలో కరెంటు షాకుతో చచ్చిన ఆవు చర్మం తీస్తున్న దళిత అన్నదమ్ముల మీద గోరక్షకుల పేరుతో దాడి జరిగింది. అటువైపు సంతకు పోయే లారీని ఆపుతారు, ఇటువైపు చచ్చిన గొడ్డు దగ్గరికి రానివ్వరు, చివరికి చెప్పుల పట్టా మీద రెక్సిన్ చెప్పులు మాత్రం మిగులుతాయి. అవి కుట్టింది మాదిగ కాదు. అమ్మేది ఒకోచోట మాదిగే.

చట్టంలో ఉన్నది, లెక్కలో లేనిది

వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన హక్కేనని సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసులో చెప్పింది, ప్రభుత్వం నియంత్రించవచ్చని కూడా చెప్పింది. పాతికేళ్ళ తర్వాత, 2014లో, వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాన్ని మన సంఘాలు తగినంతగా చదవలేదన్నది మా అభిప్రాయం. భూమి గురించి, ఉద్యోగాల గురించి చదివినంతగా చదవలేదు.

అందులో ఉన్నవి కొన్ని చూడండి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఏ వీధి వ్యాపారినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత కూడా 30 రోజుల నోటీసు లేకుండా కదిలించకూడదు. జనం సాంప్రదాయికంగా గుమికూడి కొనుక్కునే, అమ్ముకునే చోటును సహజ మార్కెట్ అంటుంది చట్టం. సర్వేలో గుర్తించిన సహజ మార్కెట్‌ను అమ్మకాలు నిషేధించిన ప్రాంతంగా ప్రకటించకూడదు. రద్దీని కారణంగా చూపకూడదు. 50 ఏళ్ళకు పైగా నడుస్తున్న సహజ మార్కెట్‌ను వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడి వ్యాపారుల్ని తరలించకూడదు. వారం పేరుతో పుట్టిన మన పేటల్లో ఇప్పటికీ సంత జరిగే చోటేదైనా ఉంటే, దానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇన్ని వారపు సంతలున్న రెండు రాష్ట్రాల్లో ఈ మాటను వాడుకోవాలన్న తలంపు ఏ పురపాలికకు కలిగిందో మాకైతే కనపడలేదు.

చిక్కు ఎక్కడుందంటే లెక్కలో. సర్వేకు మెప్మా సిబ్బంది వస్తారు, ఏదో ఒక రోజు వస్తారు. ఆ రోజు సంత రోజు కాకపోతే మైదానం ఖాళీ. వారంలో నాలుగు ఊళ్ళ సంతలకు తిరిగే మనిషి నాలుగు పట్టణాల్లోనూ స్థానికురాలు కాదు. ఎక్కడా లెక్కకు రాదు. ఇంకోటి, సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు తనకు వేరే జీవనాధారం లేదని రాసివ్వాలని చట్టం అంటుంది. మన ఆడవాళ్ళు నాలుగు రోజులు నాట్లకో కలుపుకో పోయి రెండు రోజులు సంతకొస్తారు. ఉపాధి హామీ జాబ్ కార్డు ఉంటుంది. ఆ కూలితో కడుపు నిండదు కాబట్టే సంత, ఆ సంతతో నిండదు కాబట్టే కూలి. ఆమె నిజం చెప్తే సర్టిఫికెట్ పోతుంది. అబద్ధం చెప్తే ఎవరో ఒకరు ఫిర్యాదు పెట్టేదాకా నిలుస్తుంది. ఒకే వృత్తి, ఒకే కొట్టు, ఒకే చిరునామా ఉన్న వ్యాపారిని మనసులో పెట్టుకుని రాసిన వాక్యమది.

విచిత్రమేమిటంటే, అప్పు ఇవ్వడానికి మాత్రం సర్కారు ఈమెను గుర్తుపట్టింది. 2020 జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధి పథకం చుట్టుపక్కల పల్లెల నుంచి పట్టణానికొచ్చి అమ్ముకునేవాళ్ళకు కూడా, పురపాలిక సిఫారసు లేఖ ఉంటే, 10,000 రూపాయల అప్పు ఇవ్వొచ్చంది. అప్పుకు పనికొచ్చిన లేఖ జాగాకు ఎందుకు పనికిరాదు? తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచీ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. సంతకు పోయే ఖర్చు సగం తగ్గాల్సిన రోజులివి. గంప ఎక్కించేటప్పుడు కండక్టరుతో పడే గొడవ సంగతి వేరే.

టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. అంకెలున్నాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల దగ్గరికొచ్చేసరికి అంకె పోయి తగిన ప్రాతినిధ్యం అన్న మాట వచ్చింది. సర్టిఫికెట్లలో ఎస్సీలకు ప్రాధాన్యం కూడా ఇవ్వవచ్చన్న మాట దగ్గరే ఆగింది. తగిన అంటే ఎంతో ఎవరు నిర్ణయిస్తారో మనకు తెలుసు. ఈ రెండు చోట్లా అంకె రాయించుకోవడం రాష్ట్ర నిబంధనలతో అయ్యే పని, పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. సర్వే సంత రోజే చేయాలి, సర్టిఫికెట్ మీద మనిషి పేరుతోపాటు ఆమె కూర్చునే సంతల పేర్లు, వారాలు రాయాలి, జాబ్ కార్డును అనర్హతగా చూడొద్దు. వీటికి డబ్బు ఖర్చు లేదు. మన సంఘాలు పురపాలిక ముందు ధర్నా చేసేటప్పుడు ఈ మూడూ రాసుకుని పోతే బాగుంటుంది.

దానికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది తొందరది. సంత 50 ఏళ్ళుగా నడుస్తోందని రుజువేమిటని అడుగుతారు. ముసలివాళ్ళ మాట వినరు. రుజువు వాళ్ళ దగ్గరే ఉంది. ఏటా తైబజారు, ఆశీలు వేలం వేసినప్పుడల్లా పంచాయతీ రిజిస్టర్లో రాసుకున్నారు, సంత ఏ వారం, ఏ చోట, పాట ఎంతకు పోయింది, ఎవరు పాడారు. మనల్ని పిండుకోవడానికి రాసుకున్న ఆ రిజిస్టరే ఆ నేల మీద మన పాత హక్కుకు సాక్ష్యం. పంచాయతీ పురపాలిక అయిన ఊళ్ళలో పాత రికార్డులు మూటలు కట్టి ఏ గదిలో పడేశారో అడిగినవాళ్ళు లేరు. ఇంకొన్నేళ్ళు పోతే చెదలకే తెలియాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి 1970ల నాటి వేలం రిజిస్టర్ల నకళ్ళు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. లేవంటే లేవని రాసివ్వమనండి, అదీ పనికొస్తుంది. ఇంట్లో అమ్మమ్మల ట్రంకు పెట్టెల్లో, పాత డబ్బాల్లో రంగు వెలిసిన తైబజారు చీటీలు ఉంటాయేమో వెతకండి. మేం ఒకచోట అడిగితే, బొట్టుపెట్టె అడుగున పరిచిన కాగితాల్లోంచి అలాంటివి నాలుగు దొరికాయి.